కార్బొరేటర్ జెట్ స్కీ: ట్యాంకు నుంచి జెట్ దాకా పెట్రోల్ దారి, తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ వివరాలు ఏ బండ్లకు వర్తిస్తాయి?

టూ స్ట్రోక్ ఇంజిన్, కార్బొరేటర్ ఉన్న జెట్ స్కీలకు. ముఖ్యంగా మికుని కంపెనీ సూపర్ బీఎన్ కార్బ్‌లు (కార్బొరేటర్లు) వేసుకుని వచ్చిన 1990ల నాటి సీ-డూ బండ్లు, యమహా వేవ్ రన్నర్లు, సూపర్‌జెట్. యమహా సూపర్‌జెట్ 2020 మోడల్ వరకు టూ స్ట్రోక్‌గానే వచ్చింది కాబట్టి, పాత బండి అంటే ముప్పై ఏళ్లదే అయి ఉండాలని లేదు. కవాసాకి 750, 1100లలో చాలావాటికి కీహిన్ సీడీకే కార్బ్‌లు ఉంటాయి. పనిచేసే తీరు ఒకటే, స్క్రూల కొలతలు, మరమ్మతు కిట్లు వేరు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు ఇందులో పైపులు, ట్యాంకు, పెట్రోల్ గురించి చెప్పినదే పనికొస్తుంది.

బైకు కార్బ్ విప్పడం వచ్చు. ఇదీ అంతేనా?

కాదు. బైకు కార్బ్ కింద పెట్రోల్ గిన్నె, అందులో ఫ్లోట్ ఉంటాయి. జెట్ స్కీ అలల మీద ఎగురుతుంది, పక్కకు వాలుతుంది, ఒక్కోసారి తలకిందులవుతుంది. గిన్నెలో పెట్రోల్ అక్కడ నిలవదు. అందుకే ఇక్కడ ఫ్లోట్ ఉండదు, ఆ పని డయాఫ్రమ్ (పల్చటి సాగే పొర) చేస్తుంది.

కార్బ్‌కు ఒక పక్క పంపు ఉంటుంది. జంట కార్బ్‌లున్న చాలా బండ్లలో పంపు రెంటిలో ఒకదానికే ఉండి రెండోదానికీ పెట్రోల్ అందిస్తుంది. క్రాంక్‌కేస్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు పుట్టే ఒత్తిడి, పీల్పు చిన్న పల్స్ పైపు ద్వారా వచ్చి పంపు డయాఫ్రమ్‌ను ఆడిస్తాయి. పల్చటి రెక్కల్లాంటి వాల్వులు పెట్రోల్‌ను ఒకే దిశలో తోస్తాయి. అది కార్బ్ లోపలే ఉన్న చిన్న జాలీ దాటి నీడిల్ వాల్వు దగ్గర ఆగుతుంది. ఇంజిన్ గాలి పీల్చినప్పుడు రెండో డయాఫ్రమ్ లోపలికి లాగబడి చిన్న మీట మీద నొక్కుతుంది. మీట స్ప్రింగును అదిమి నీడిల్‌ను లేపుతుంది. అప్పుడే పెట్రోల్ లోపలికి వస్తుంది. వాడగా మిగిలింది రిటర్న్ పైపులో ట్యాంకుకు వెళ్లిపోతుంది.

ఆ లోపలి జాలీని గుర్తు పెట్టుకోండి. చిటికెన వేలి గోరంత ఉంటుంది, బయటికి కనపడదు, చాలామందికి అదొకటుందనే తెలియదు. కార్బ్ బయట ఉన్న ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా ఇది పూడుకుపోయి ఉండొచ్చు.

పెట్రోల్ తక్కువైతే పికప్ తగ్గుతుంది, అంతే కదా? ఇంజిన్ ఎందుకు పట్టేస్తుంది?

ఐడ్లింగ్‌లో తక్కువైతే నిజంగా అంతే, ఆగిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో తక్కువైతే సంగతి వేరు. టూ స్ట్రోక్‌లో లోపలికి వచ్చే పెట్రోల్ మండడానికే కాదు, పిస్టన్‌నీ బేరింగులనీ చల్లబరచడానికి కూడా. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే మంట వేడి పెరుగుతుంది, పిస్టన్ సిలిండర్ కంటే వేగంగా వ్యాకోచిస్తుంది, ఎగ్జాస్ట్ పోర్టు వైపు గీసుకుని పట్టేస్తుంది. ఆయిల్‌ను ట్యాంకులోనే కలిపి నడిపే బండి అయితే పెట్రోల్‌తో పాటు ఆయిలూ తగ్గుతుంది, దెబ్బ రెండింతలు.

ఈ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) దశలో బండి చాలాసార్లు బాగానే, ఇంకా చురుగ్గానే పరుగెత్తినట్టు ఉంటుంది. అందుకే ప్రమాదం. పట్టేసిన ఇంజిన్‌కు కొత్త పిస్టన్ వేసి, కార్బ్, పైపులు ముట్టుకోకుండా నీళ్లలోకి దింపితే కొత్త పిస్టన్ కూడా అదే దారిన పోతుంది. కారణం దొరికేదాకా ఇంజిన్ బిగించకండి.

సరిగా పరుగెత్తడం లేదు. కార్బ్ విప్పేయమంటారా?

ముందు కంప్రెషన్ చూడండి. ప్లగ్గులు రెండూ తీసి, ప్లగ్ వైర్లను తప్పనిసరిగా ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని, గేజీ ముల్లు ఆగేదాకా సెల్ఫ్ కొట్టండి. సీ-డూలలో ఉండే రోటాక్స్ ఇంజిన్ బాగుంటే సుమారు 150 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. 120 కంటే తక్కువుంటే, రెండు సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా ఉంటే తప్పు కార్బ్‌లో లేదు, కార్బ్‌తో అది సరికాదు కూడా.

కంప్రెషన్ బాగుంటే అప్పుడు ట్యాంకు నుంచి మొదలుపెట్టి కార్బ్ దాకా రండి. వెనక నుంచి మొదలెట్టి స్క్రూలు తిప్పితే తప్పు దొరకదు, ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది.

సీ-డూలో బూడిద రంగు పెట్రోల్ పైపులు మార్చాలంటారు. పైకి బాగానే ఉన్నాయే?

పైకి బాగానే ఉంటాయి. 1990ల సీ-డూ బండ్లలో వేసిన ఆ గ్రే పైపులు లోపలి నుంచి చెడతాయి. లోపలి పొర కరిగి ఆకుపచ్చ జిగురులా మారి పెట్రోల్‌తో పాటు ముందుకు కొట్టుకుపోతుంది. ఫిల్టర్ దాటి వెళ్లి, కార్బ్ లోపలి జాలీ మీద పేరుకుంటుంది. పైపు కోసి గోరుతో లోపల గీకి చూస్తే జిగురు అంటుకుంటుంది. ఇది కనపడితే పైపు ఒక్కటి మార్చి ఊరుకోవద్దు. కార్బ్ విప్పి జాలీ, పైపు మార్గాలు అన్నీ కడగాలి.

కొత్త పైపు లోపలి వ్యాసం పావు అంగుళం, ఎక్కువ చోట్ల సరఫరాకూ రిటర్న్‌కూ ఇదే కొలత. పడవల కోసం చేసిన, ఎథనాల్ తట్టుకునే రబ్బరు గొట్టమే కొనండి. అమెరికాలో కొంటే గొట్టం మీద యూఎస్‌సీజీ (అమెరికా కోస్ట్ గార్డ్) ఏ1-15 ముద్ర ఉన్నది నమ్మకం. ఇంట్లో ఉన్న పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, తోటకు నీళ్లు పట్టే పైపు వద్దు. పాతది ఒకటి తీసి, అదే పొడవు కోసి, అదే చోట బిగించి, తర్వాత రెండోది తీయండి. అన్నీ ఒకేసారి పీకేస్తే ఏది ఎక్కడిదో తెలియక రిటర్న్, సరఫరా తారుమారు అవుతాయి. క్లిప్పులు స్ప్రింగు రకం, లేదా చుట్టూ సమంగా బిగిసే రకం వాడండి. పళ్ల క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో అతిగా బిగిస్తే పైపును కోసేస్తుంది.

ఆన్‌లో నడవదు, రిజర్వ్‌లో నడుస్తుంది. ఏమిటి?

పెట్రోల్ సెలెక్టర్ వాల్వు సంగతి. ఆన్ స్థానానికి పెట్రోల్ తెచ్చే ట్యాంకులోని గొట్టం పగిలి గాలి పీల్చినా, ఆ మార్గం పూడినా ఇలాగే ఉంటుంది. ట్యాంకు గొట్టాల అసెంబ్లీ బయటికి తీసి ఒక్కో దారిలో నోటితో ఊది చూడొచ్చు. పెట్రోల్ తడి పూర్తిగా ఆరిన తర్వాతే ఊదండి, మింగకూడదు. వాల్వు ధర తక్కువ. పాత జిగురు కనపడితే శుభ్రం చేయబోకుండా మార్చేయండి.

సెలెక్టర్ తర్వాత ఉండే పారదర్శక గిన్నె ఫిల్టర్ గిన్నె తీసి చూడండి. అడుగున నీటి బొట్లు కనపడితే ట్యాంకు మూత రబ్బరు, గొట్టాల పై రబ్బరు రింగు చూడాలి.

పది నిమిషాలు బాగా నడిచి తర్వాత నీరసంగా మారుతుంది. ట్యాంకు మూత తీసి పెడితే మళ్లీ బాగుంటుంది.

మూత తీయగానే "స్" మని గాలి లోపలికి వెళ్లిందా? అయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. పెట్రోల్ వెళ్లిపోయిన చోటికి గాలి రావడానికి ఒక చెక్ వాల్వు, ఎక్కువ ఒత్తిడి బయటికి పోవడానికి రిలీఫ్ వాల్వు ఉంటాయి. చెక్ వాల్వు ఉప్పు పట్టి మూసుకుపోతే, ఎవరో తిరగేసి బిగిస్తే, ట్యాంకులో పీల్పు ఏర్పడి పంపు పెట్రోల్‌ను లాగలేదు. వాల్వు మీద బాణం గుర్తు చూసి, ఊది దిశ నిర్ధారించుకుని బిగించండి. బండి బాగుందని సగం థ్రాటిల్‌తో ఇంటికి నడిపించుకోవద్దు, ఇది నిశ్శబ్దంగా లీన్ చేసే తప్పుల్లో మొదటిది.

పైపులన్నీ మార్చాక మొత్తం వ్యవస్థను ఒకసారి ఒత్తిడితో పరీక్షించండి. రిలీఫ్ వాల్వు లైను మూసేసి, ట్యాంకు గాలి దారి నుంచి చేతి పంపుతో 5 పీఎస్ఐ ఎక్కించి పది నిమిషాలు వదలండి. ముల్లు దిగితే ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి.

కార్బ్ విప్పడం: ఏం సిద్ధం చేసుకోవాలి, ఏ క్రమంలో చేయాలి?

మీ ఇంజిన్‌కు సరిపడే అసలైన మికుని కిట్. ఇక్కడ డబ్బు ఆదా చేయకండి. చౌక కిట్లలో డయాఫ్రమ్ గట్టిగా ఉంటుంది, నీడిల్ సీటు మీద సరిగా కూర్చోదు, తిరిగి విప్పాల్సి వస్తుంది. జత గ్యాస్కెట్లు, కార్బ్ క్లీనర్, గాలి కొట్టే కంప్రెసర్, చేతి ప్రెషర్ పంపు, ఫోన్ కెమెరా. బ్యాటరీ వైరు తీసేయండి, సీటు తీసి హల్‌కు (బండి డొప్ప లోపలికి) గాలి ఆడనివ్వండి.

కార్బ్‌లు విప్పే ముందు లో స్క్రూ, హై స్క్రూ (తక్కువ, ఎక్కువ వేగాల్లో పెట్రోల్‌ను సరిచేసేవి) రెంటినీ మెల్లగా లోపలికి తిప్పుతూ అడుగు తాకేదాకా ఎన్ని చుట్లో లెక్కించి రాసుకోండి. బిగించవద్దు, మొన వంగితే ఆ స్క్రూ ఇక పనికిరాదు. తర్వాత రెండింటినీ పూర్తిగా తీసేయండి.

పంపు వైపు మూత తీసినప్పుడు ఏ డయాఫ్రమ్ ముందు, ఏ గ్యాస్కెట్ తర్వాత అన్నది ఫోటో తీయండి. రెక్కల వాల్వులు వంగినా, చివర చుట్టుకున్నా మార్చేయాలి. రెగ్యులేటర్ (నీడిల్‌ను ఆడించే) వైపు మూత తీస్తే గుండ్రటి డయాఫ్రమ్. దాని మధ్య గుండీ మీటకు తగిలించి ఉండదు, మీట మీద ఆనుకుని ఉంటుంది. ఇతర కంపెనీల కార్బ్‌లు అలవాటున్నవారు ఇక్కడ కొక్కెం వెతుకుతారు, ఉండదు.

మీట పిన్నును పట్టి ఉంచే చిన్న స్క్రూ తీసి, మీట, స్ప్రింగు, నీడిల్ తీయండి. స్ప్రింగు ఎగిరి పోతుంది, చేతులు గుడ్డ మీద ఉంచి చేయండి. లోపలి జాలీని కూడా తీయండి. జిగురు చాలాసార్లు దాని మీద పల్చటి పొరలా ఉంటుంది. జాలీని ఎత్తి వెలుతురులో చూస్తే ప్రతి గడిలోనూ వెలుగు కనపడాలి.

పైలట్ జెట్, మెయిన్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి పంపే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్కలు) తీసి ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రం నిండుగా గుండ్రంగా కనిపించాలి. తీగ గుచ్చవద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదై లెక్క మారిపోతుంది. క్లీనర్ కొట్టి, నానబెట్టి, గాలి కొట్టండి. థ్రాటిల్ గొంతులో బటర్‌ఫ్లై (గాలి దారిని తెరిచి మూసే పలక) అంచు దగ్గర ఉండే మూడు నాలుగు సన్నని రంధ్రాల్లో కూడా గాలి బయటికి రావాలి. అవి మూసుకుంటే ఐడ్లింగ్ బాగున్నా, కొంచెం రేసు ఇచ్చేసరికి ఇంజిన్ మునిగిపోయినట్టు ఆగుతుంది. డయాఫ్రమ్‌ల మీదకు, రబ్బరు రింగుల మీదకు క్లీనర్ పడనివ్వకండి.

మెయిన్ జెట్ దారిలో ఒక పల్చటి చెక్ వాల్వు ఉంటుంది. దానిలోంచి ఒక దిశలోనే గాలి పోవాలి. రెండు దిశలా పోతే మార్చాలి.

మీట ఎత్తు సరిచూడడం మరిచిపోవద్దు. మీట చివర చుట్టూ ఉన్న లోహపు ఉపరితలంతో సమంగా ఉండాలి. ఎక్కువ ఎత్తు ఉంటే పెట్రోల్ ఎక్కువవుతుంది, తక్కువుంటే తక్కువవుతుంది. సరిచేయాలంటే మీటను వంచే ముందు నీడిల్ గట్టిగా సీటును నొక్కకుండా పట్టుకోండి, రబ్బరు మొన చెడుతుంది.

పాప్-ఆఫ్ పరీక్ష తప్పనిసరా?

తప్పనిసరి. కొత్త కిట్ వేశామని వదిలేస్తే కిట్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? డయాఫ్రమ్ మూత లేకుండా, పెట్రోల్ లోపలికి వచ్చే నాజిల్‌కు పంపు తగిలించి, రిటర్న్ మూసేయండి. నీడిల్‌ను పెట్రోల్‌తో గానీ తేలికపాటి నూనెతో గానీ తడిపి మెల్లగా గాలి ఎక్కించండి. ఒక చోట నీడిల్ "టక్" మని తెరుచుకుంటుంది. అదే పాప్-ఆఫ్. ఈ అంకె సీటు సైజు, స్ప్రింగు బలం బట్టి మారుతుంది, మీ మోడల్ మాన్యువల్లో ఉన్న శ్రేణితో పోల్చండి. మూడుసార్లు చేసి మూడుసార్లూ దగ్గరగా వస్తే నమ్మండి. తర్వాత 10 పీఎస్ఐకి తెచ్చి ఒక నిమిషం వదలండి. ముల్లు కదలకూడదు. కదిలితే నీడిల్, సీటు ఒకదానితో ఒకటి కుదరలేదు.

అంకె తక్కువుంటే బండి ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఓడుతుంది, ఎక్కువుంటే ఒక్కసారిగా థ్రాటిల్ నొక్కినప్పుడు తడబడుతుంది. స్ప్రింగును సాగదీసి, కోసి సరిచేయవద్దు. బలం ప్రకారం వేరే స్ప్రింగు దొరుకుతుంది, అదే వేయండి.

లో, హై స్క్రూలు ఎంత తిప్పాలి?

ఈ కార్బ్‌లో రెండూ పెట్రోల్ స్క్రూలే. బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. చాలా సీ-డూ మోడళ్లకు లో స్క్రూ సుమారు 1 చుట్టు బయటికి, హై స్క్రూ 0, అంటే పూర్తిగా లోపల. మీ మాన్యువల్ అంకే ఆఖరిది. ఇక్కడ 0 అన్నది చూసి భయపడి హై స్క్రూ తెరిచేవారు ఉన్నారు. ఆ మోడళ్లలో మెయిన్ జెట్ ఒక్కటే సరిపడా పెట్రోల్ ఇస్తుంది.

ఐడ్లింగ్ నీళ్లలో పెట్టి సెట్ చేయాలి. సీ-డూ బండ్లలో నీళ్లలో సుమారు 1500 ఆర్‌పీఎం ఉంటే, గట్టు మీద అదే సెట్టింగ్‌తో దాదాపు 3000 చూపిస్తుంది. గట్టు మీద 1500కి తగ్గిస్తే నీళ్లలోకి దిగగానే ఆగిపోతుంది.

జంట కార్బ్‌లైతే బటర్‌ఫ్లైలు రెండూ ఒకేసారి కదలాలి, ఒకేసారి ఆగాలి. ఫుల్ థ్రాటిల్‌లో రెండూ పూర్తిగా తెరుచుకుని, గాలి దారికి సరిగ్గా సమాంతరంగా ఉన్నాయా అని చేత్తో తడిమి చూడండి. ఆయిల్ పంపు కేబుల్ గుర్తు కూడా అదే సమయంలో కలవాలి.

రిటర్న్ పైపు నాజిల్లో చిన్న రంధ్రమే ఉంది. పూడుకుందా?

కాదు, అలా చేసిందే. ఆ ఇరుకు వల్లే కార్బ్‌లో పెట్రోల్ ఒత్తిడి నిలుస్తుంది. దాన్ని డ్రిల్‌తో వెడల్పు చేసినా, ఆ నాజిల్ మార్చి మామూలుది వేసినా ఒత్తిడి పడిపోయి ఫుల్ థ్రాటిల్‌లో లీన్ అవుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే చాలు.

బిగించాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?

పైపుల్లో గాలి ఉంటుంది కాబట్టి చోక్ పెట్టి ఐదు సెకన్ల చొప్పున, మధ్యలో విరామం ఇస్తూ సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ పట్టకపోతే ప్రతి సిలిండర్లోకి ఆయిల్ కలిపిన పెట్రోల్ ఒక టీ స్పూను. ఫ్లేమ్ అరెస్టర్ తీసి నడపవద్దు. కార్బ్ నుంచి మంట వెనక్కి తన్నితే హల్‌లోని ఆవిరికి అంటుకోకుండా ఆపేది అదే. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, హల్ అడుగున చేరుతుంది. స్టార్ట్ చేసే ముందు సీటు తీసి రెండు నిమిషాలు గాలి ఆడనివ్వండి, వాసన వస్తుంటే తాళం తిప్పవద్దు.

గట్టు మీద కొళాయి నీళ్లతో నడిపేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాత నీళ్లు వదలండి. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. ఈ వరుస తారుమారైతే నీళ్లు సిలిండర్లోకి వెళతాయి. నీళ్లు లేకుండా 30 సెకన్లు దాటించవద్దు.

కార్బ్ మార్చాక మొదటి రోజు ఎక్కువసేపు ఫుల్ థ్రాటిల్ వద్దు. కొద్ది నిమిషాలు ఫుల్‌లో నడిపి, లాన్యార్డ్ (ఇంజిన్ ఆపే భద్రతా తాడు) లాగి ఒక్కసారిగా ఆపి, ఒడ్డుకు తెప్పించి ప్లగ్ తీసి చూడండి. చాలా రోటాక్స్ ఇంజిన్లకు ఎన్‌జీకే బీఆర్8ఈఎస్. ఇటుక రంగులో గానీ, లేత కాఫీ రంగులో గానీ ఉంటే మంచిది. తెల్లగా, పొడిగా కనిపిస్తే వెంటనే ఆపేయండి, లీన్.

లక్షణం బట్టి ఎక్కడ చూడాలి?

నీళ్లలో నిలిపి ఉంచితే చోక్ లేకుండా స్టార్ట్ కాదు, లేదా ఎప్పుడూ పెట్రోల్ వాసన వస్తుంది: నీడిల్ సీటు. థ్రాటిల్ నొక్కగానే మునిగి, మెల్లగా అందుకుంటుంది: పైలట్ జెట్, ఆ చిన్న రంధ్రాలు, పాప్-ఆఫ్ ఎక్కువ. పైవేగం ఎక్కదు, కానీ చోక్ కొంచెం లాగితే ఎక్కుతుంది: లోపలి జాలీ, ఫిల్టర్, పల్స్ పైపు. చోక్ లాగితే బాగుపడటం అంటే పెట్రోల్ తక్కువని బండి మీకు నేరుగా చెప్తోంది.

పల్స్ పైపు గురించి ఒక మాట. అది గట్టిపడి చీలితే పంపు బలహీనమవడమే కాదు, ఆ చీలిక నుంచి గాలి క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి మిశ్రమాన్ని ఇంకా పల్చన చేస్తుంది. ఒక్క పైపు రెండు వైపుల నుంచి ఇంజిన్‌ను చంపుతుంది. పది రూపాయల గొట్టమనుకోకుండా ప్రతి కార్బ్ పనిలో మార్చండి. పల్స్ కోసం గట్టి గోడల గొట్టమే వాడాలి, మెత్తటిది ముడుచుకుంటుంది.

ఇండియాలో ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోల్ వేయొచ్చా? మాన్యువల్లో ఆక్టేన్ 87 అంటుంది, ఇక్కడి అంకె వేరుగా ఉంటుంది.

ఆక్టేన్‌తో కంగారు అక్కర్లేదు. అమెరికా లెక్కలో 87 అన్నది ఇక్కడి లెక్కలో సుమారు 91. కొలత పద్ధతులు వేరు, విలువ దాదాపు ఒకటే.

ఎథనాల్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. పాత టూ స్ట్రోక్ జెట్ స్కీలు ఈ10 దాకా తట్టుకునేలా చేసినవి. మామూలు పెట్రోల్‌కు సరైన గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7, ఎథనాల్‌కు 9. ఈ20లో అది సుమారు 13.5కు వస్తుంది. అంటే అదే జెట్‌తో అదే పరిమాణం పోసినా ఇంజిన్‌కు పెట్రోల్ సుమారు 8 శాతం తక్కువైనట్టే. విశాఖ రుషికొండలో గానీ, కృష్ణానదిలో గానీ ఇలాంటి బండి నడిపేవారు దీన్ని దృష్టిలో పెట్టుకుని ఎథనాల్ తక్కువున్న పెట్రోల్ వాడాలి. దొరక్కపోతే మెయిన్ జెట్ పెద్దది వేసి, ప్లగ్ చూసి నిర్ధారించుకోవాలి. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు, జిగురు పైపులను మెత్తబరుస్తుంది. నీళ్లు ఎక్కువైతే ఎథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది, ట్యాంకు గొట్టం అడుగు నుంచే లాగుతుంది కాబట్టి ఇంజిన్‌కు ముందు అదే అందుతుంది. ట్యాంకు నిండా పోసి నెలల తరబడి వదలకండి.

ఆయిల్ ఏది, ఎంత?

ఆయిల్ ఇంజెక్షన్ పంపు ఉంటే పెట్రోల్ ట్యాంకులో ఆయిల్ పోయనక్కర్లేదు. పంపు తీసేసిన బండికి 50:1, అంటే లీటరుకు 20 మి.లీ. రోటాక్స్ 787, 951 ఇంజిన్లకు ఎగ్జాస్ట్ వాల్వులుంటాయి కాబట్టి ఏపీఐ-టీసీ రకం వేయాలి. పడవల కోసం అమ్మే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ అక్కడ వాడితే వాల్వులు బంక పట్టి అతుక్కుంటాయి. యమహాలకు టీసీ-డబ్ల్యూ3 సరిపోతుంది. ఆయిల్ సన్న పైపులు కూడా పాతబడితే పగులుతాయి, పెట్రోల్ పైపులతో పాటే మార్చండి.

సీజన్ అయిపోయాక ఎలా పెట్టాలి?

కొత్త పెట్రోల్‌తో ట్యాంకు నింపి స్టెబిలైజర్ కలపండి. సీసా మీద ఉన్న మోతాదే పాటించాలి, సాధారణంగా పది లీటర్లకు 30 మి.లీ. దగ్గరగా ఉంటుంది. కలిపాక ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపిస్తేనే ఆ పెట్రోల్ కార్బ్ దాకా చేరుతుంది. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కాపాడే నూనె) కార్బ్‌లోకి కొట్టి, పొగ దట్టంగా రాగానే ఆపండి. ప్లగ్గులు తీసి సిలిండర్లోకి కొంచెం కొట్టి, ప్లగ్ వైర్లు ఎర్త్ చేసి ఒకసారి తిప్పి బిగించేయండి. సముద్రపు నీళ్లలో నడిచిన బండికి థ్రాటిల్ షాఫ్టు, స్ప్రింగులు, కేబుల్ చివర్లు మంచి నీటితో కడిగి, ఆరాక గ్రీజు రాయండి. షాఫ్టు దగ్గర తుప్పు సీల్‌ను తింటుంది, ఆ సీల్ పోతే అక్కడి నుంచి గాలి లోపలికి వస్తుంది.

ఎంత కాలానికి ఒకసారి కార్బ్‌లు విప్పాలి?

ప్రతి సంవత్సరం విప్పనక్కర్లేదు. ప్రతి సీజన్ మొదట్లో ఫిల్టర్, పైపులు, ప్లగ్గులు, గాలి వాల్వు చూసి, తర్వాత నాలుగైదేళ్లకు ఒకసారి కిట్ వేస్తే సరిపోతుంది. రెండేళ్లకు మించి కదలకుండా పడి ఉన్న బండి కొన్నారా? అది స్టార్ట్ అయినా కూడా ముందు కార్బ్ విప్పండి, పైపులు మార్చండి, అప్పుడే నీళ్లలోకి తీసుకెళ్లండి.